నొప్పి తగ్గింది సరే, పన్ను సంగతేంటి?

పిల్లలకు పంటి నొప్పి వస్తే మనం మొదట అడిగేది డాక్టర్‌ని కాదు, మెడికల్ షాపు కుర్రాణ్ని. "బాబుకు పిప్పి పన్ను, తొమ్మిదేళ్లు" అంటే చాలు. ఒక నొప్పి మాత్ర, ఒక యాంటీబయాటిక్, ఒక గ్యాస్ మాత్ర కత్తిరించి కాగితం కవర్లో వేసి ఇస్తాడు. మందు పేరు, గడువు తేదీ చాలాసార్లు షాపులో మిగిలిన స్ట్రిప్ ముక్క మీదే ఉండిపోతాయి. షాపు మూసేస్తే నాన్న నడుంనొప్పి మాత్ర సగానికి విరుగుతుంది.

దీన్ని తల్లిదండ్రుల అజ్ఞానమని కొట్టిపారేయడం నాకు నచ్చదు. పంటి నొప్పి రాత్రిళ్లే ఎక్కువ ఏడిపిస్తుంది. పడుకుంటే తల వైపు రక్తం ఎక్కువగా చేరి, వాచిన పంటి లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ వేళకు తెరిచి ఉండేది మందుల షాపే. తెల్లారేసరికి పిల్లాడు నవ్వుతూ బడికి పోతుంటే, కూలి మానుకుని డెంటల్ క్లినిక్‌కు ఎవరు తీసుకెళ్తారు?

చిక్కంతా మాత్ర పనిచేయడంలోనే ఉంది. నొప్పి ఆగుతుంది, పుచ్చు ఆగదు. పైపైన ఉన్నప్పుడు ఫిల్లింగ్‌తో పోయేది, నరం దాకా వెళ్తే రూట్ కెనాల్ (పంటి లోపలి నరం తీసి, ఆ ఖాళీని పూడ్చే చికిత్స) అడుగుతుంది, ఆ తర్వాత పీకించుకోవడమే. ఇంకో మోసం కూడా ఉంది. లోపలి నరం చచ్చిపోతే నొప్పి దానంతటదే తగ్గిపోతుంది. ఇంట్లో "మందు పట్టింది" అనుకుంటారు, పంటి వేరు కింద మాత్రం చీము పడుతుంటుంది. నరం వాపు వల్ల వచ్చే నొప్పిని యాంటీబయాటిక్ తగ్గించదు. అయినా ఆ కవర్లో అది లేకుండా ఉండదు.

"పాలపళ్లే కదా, ఊడిపోతాయి" అనే మాట దగ్గర నాకు నిజంగా భయమేస్తుంది. దాదాపు ఆరేళ్లకు, ఏ పాలపన్నూ ఊడకుండానే, వరుస చివర ఒక దవడ పన్ను మొలుస్తుంది. అది శాశ్వత దంతం. చాలామంది దాన్నీ పాలపన్నే అనుకుంటారు. మాత్రలతో నెట్టుకొచ్చింది ఆ పన్నే అయితే, పోయాక మళ్లీ రాదు.

ఇక మందుల సంగతి. నిమెసులైడ్ అనే నొప్పి మందును 12 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని కేంద్రం 2011లోనే నిషేధించింది. పెద్దల పంటి నొప్పికి తెగ వాడే కెటోరోలాక్ మాత్రలు పిల్లలకు ఉద్దేశించినవి కావు. మామూలుగా ఇచ్చే పారాసిటమాల్‌కు కూడా లెక్క ఉంది: డోసుకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. సిరప్ 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములది ఒకటి, 250ది ఒకటి దొరుకుతాయి. సీసా మారినా మూత కొలత మారకపోతే డోసు రెట్టింపే. లవంగ నూనె కూడా అంత అమాయకమైనదేం కాదు. ఎక్కువైతే చిగురు కాలుతుంది, చిన్నపిల్లలు మింగితే కాలేయానికే ముప్పు.

చెంప వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా ఇంటి వైద్యం అక్కడితో ఆపాలి. ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి.

టీనేజీ పిల్లల కథ వేరు. ముఖ్యంగా ఇంటర్ హాస్టళ్లలో. పన్ను సలుపుతుంటే వార్డెన్‌కు చెప్పాలి, ఆయన ఇంటికి ఫోన్ చేయాలి, ఔట్‌పాస్ రావాలి. రేపు పొద్దున వీక్లీ టెస్ట్. ఈ టెన్షన్‌లో రూమ్‌మేట్ దగ్గరున్న పెయిన్‌కిల్లర్ టిఫిన్ కూడా తినకుండా మింగేస్తారు. నాలుగు రోజులు అదే. కడుపులో మంట మొదలైతే దానికింకో మాత్ర.

స్కూళ్లలో పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో దంత సమస్యలూ ఉన్నాయి. కానీ కార్డు మీద 'పుచ్చు పన్ను' అని రాసినంత మాత్రాన ఫిల్లింగ్ పడదు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. ప్రైవేటువి ఇంకా చాలా ఉన్నాయి. వాటి విద్యార్థులను నెలకోసారి హాస్టళ్లకు పంపి, అక్కడికక్కడే చిన్న పుచ్చులు పూడ్పించడం పెద్ద ఖర్చయిన పనేం కాదు. రూట్ కెనాల్ అవసరమైన వాళ్లకు రెండు మూడు సిట్టింగులకూ అడగకుండానే ఔట్‌పాస్ ఇవ్వాలి.