మా ఇంట్లో ఫీల్డ్‌వర్క్ నిషేధించాలి

మా అమ్మాయి ఇక్కడే, బెంగళూరులో, ఎంఏ సోషియాలజీ చదువుతోంది. మారతహళ్లి తెలుగువాళ్ల మధ్య ఈ మాట పైకి అనలేం, "కంప్యూటర్స్‌లో సీటు రాలేదాండీ?" అని పరామర్శకొస్తారు. ఆ అవమానం దిగమింగుకున్నాను. కానీ ఫీల్డ్‌వర్క్ అంటూ, అంటే మనుషుల మధ్యే ఉండి వాళ్లని గమనించి రాసుకోవడమట, అమ్మాయి మా ఇంటిమీదే నోట్సు రాస్తోంది. ఆ చదువు ఇప్పుడు మా ఇంటి శాంతిభద్రతలకే ఎసరు పెట్టింది గనక ప్రభుత్వం వెంటనే కల్పించుకోవాలి.

మొదట 'పని' అనే పాఠం వచ్చింది. పనంటే నేను ఆఫీసులో చేసేదేనని 27 ఏళ్లుగా నా నమ్మకం. అమ్మాయి ఫ్రిజ్‌కి ఒక పట్టిక అంటించింది. 2019 సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేస్తున్న ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు, చేస్తున్న మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలిందట. మా ఆవిడ లెక్క 410. నాది 11. అందులోనూ టీవీ రిమోట్ వెతికిన 7 నిమిషాలు కొట్టేసింది. రిమోటేమన్నా వీధిలో వెతికానా?

మా ఆవిణ్ణి నేను గృహలక్ష్మి అంటాను. ఆ పేరుతోనే కర్ణాటక ప్రభుత్వం 2023 నుంచి ఇంటి యజమానురాలికి నెలకు 2000 రూపాయలిస్తోంది. నేను ఆదాయపు పన్ను కడతాను, మాకు రాదు. "అయితే అమ్మ పూర్తిగా ఉచితమన్నమాట నాన్నా" అంటూ అమ్మాయి నోట్సులో రాసుకుంది.

తర్వాత ఆరోగ్య విధానం. ఆశా కార్యకర్తలను ప్రభుత్వం స్వచ్ఛంద సేవకులంటుందనీ, చేతికిచ్చేది జీతం కాదు, గౌరవధనమనీ వాపోయింది. గౌరవమూ ధనమూ కలిపి ఇస్తుంటే ఇంకేం కావాలి? మా ఇంట్లో ఒక్క గౌరవంతోనే సరిపెట్టాం.

నాకు నచ్చిన సోషియాలజిస్టు ఒక్కడే, టాల్కట్ పార్సన్స్. జబ్బుపడ్డవాడికి సమాజం 'రోగి పాత్ర' ఇస్తుందనీ, కోలుకునే ప్రయత్నం చేస్తున్నంతకాలం మామూలు పనులనుంచి మినహాయింపు ఉంటుందనీ 1951లోనే చెప్పాడు మహానుభావుడు. పోయిన నెల జలుబు చేస్తే ఆ పాత్రలో మూడు రోజులు జీవించాను, పూటపూటా మిరియాల చారుతో. వారం తిరక్కుండా మా ఆవిడకు 102 జ్వరం. ఆవిడకూ పాత్ర దొరికింది, చారు కాచుకునేది.

సోషియాలజీలో పెద్దాయన, మైసూరు ఎం.ఎన్. శ్రీనివాస్ గారు చక్కగా రాంపురా అనే పల్లెకెళ్లి పరిశోధన చేశారు. కన్నతండ్రిని కాదు. ఆయన నోట్సు 1970లో అమెరికాలో ఎవరో నిప్పుపెడితే కాలిపోయింది. ఈ సంగతి అమ్మాయే చెప్పింది. ఆయన జ్ఞాపకంతోనే పుస్తకం రాసేశారన్నది మాత్రం తర్వాత చెప్పింది. ఈలోపు నేను వంటింట్లో దూరి మూడు అరలు గాలించి, ఆఖరికి అడిగాను.

"ఏమోయ్, అగ్గిపెట్టె ఎక్కడుంటుంది మనింట్లో?"

హాల్లో పెన్ను గీసిన చప్పుడు వినపడింది.