ఫైలు పంపితే ఇంజనీరింగ్ చేరిపోదు

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఏడోసారి. ఈసారి పంపింది నాతోపాటు ఇంజనీరింగ్ చదివిన మిత్రుడు. అందుకే ఇక ఊరుకోలేకపోయాను. చూడనివాళ్ళ కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెబుతాను. సప్లై చైన్ (ముడిసరుకు నుంచి కొనేవాడి చేతిదాకా సాగే గొలుసు) అంటే లారీలు, ఓడలు, గోడౌన్ల లెక్కేనట, దానిమీద యూనివర్సిటీల్లో రీసెర్చ్ దండగ అట. స్టాక్ పెట్టుకోవద్దని ప్రొఫెసర్లు నేర్పబట్టే 2020లో ప్రపంచం చతికిలపడిందట. ఏ దేశం సరుకు ఆ దేశంలోనే చేసుకుంటే ఏ ఇబ్బందీ రాదట. డిజైన్ అంటే ఫైలే కాబట్టి ఎక్కడ చవకైతే అక్కడ చేయించుకోవచ్చట, దానికే 'గ్లోబల్ ఇంజనీరింగ్ నెట్‌వర్క్' అని పెద్ద పేరు పెట్టి పేపర్లు రాసుకుంటున్నారట. ఎలాగూ ఏఐ వచ్చింది కాబట్టి ఆ విభాగాలన్నీ మూసేయొచ్చట.

చివరి మాట ముందు తేల్చేస్తాను. ఏఐ ఉన్న డేటాతో పనిచేస్తుంది. తనకు సరుకు ఇచ్చేవాడికి సరుకు ఎవరిస్తున్నారో చాలా కంపెనీలకు తెలియదు. లేని డేటాను ఏఐ ఎక్కడినుంచి తెస్తుంది? దీనిమీద ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

"లారీల లెక్క" సంగతి చూద్దాం. సరే, లెక్కే అనుకుందాం. 1958లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో జే ఫారెస్టర్ చూపించిన లెక్క ఇది: దుకాణంలో అమ్మకం కొద్దిగా మారితే చాలు, ఆ మార్పు డీలరును, హోల్‌సేలరును దాటుకుని ఫ్యాక్టరీకి చేరేసరికి గోరంత కొండంత అవుతుంది. మధ్యలో ఎవరూ మోసం చేయరు. ఆర్డరు చేరడానికి, సరుకు రావడానికి పట్టే ఆలస్యమే ఆ పని చేస్తుంది. 1997లో స్టాన్‌ఫర్డ్‌లో హౌ లీ, ఆయన సహచరులు దీని కారణాలు విడదీసి చెప్పారు. వాళ్ళు తీసుకున్న ఉదాహరణల్లో ఒకటి పాంపర్స్ డైపర్లు. పసిపిల్లలు డైపర్లు వాడే తీరు నెలనెలా మారదు. దుకాణాల్లో అమ్మకాలూ పెద్దగా ఊగలేదు. డిస్ట్రిబ్యూటర్ల ఆర్డర్లు మాత్రం ఊగాయి, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ తన ముడిసరుకు కోసం పెట్టిన ఆర్డర్లు ఇంకా ఎక్కువ ఊగాయి. సరుకు దొరకదేమోనన్న టెన్షన్‌తో అవసరానికి మించి ఆర్డరు పెట్టడం ఆ కారణాల్లో ఒకటి. 2021 చిప్‌ల కరువులో కొనుగోళ్ళ విభాగంలో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఈ మాట చదివితే తమ సంగతే రాశారనుకుంటారు. లారీలు లెక్కపెడితే ఇది కనబడదు.

ఇక స్టాక్ మాట. స్టాక్ పెట్టుకోకుండా అవసరమైనప్పుడే సరుకు తెప్పించుకునే 'జస్ట్ ఇన్ టైమ్' పద్ధతి పుట్టింది ఏ క్లాస్‌రూమ్‌లోనూ కాదు, టయోటా ఫ్యాక్టరీలో, అక్కడి ఇంజనీరు తాయిచి ఓనో చేతుల మీదుగా. అయితే ఇక్కడ మెసేజ్ రాసినవాళ్ళకు నేను కొంత ఒప్పుకోవాలి. ఆ పద్ధతికి 'లీన్' అని పేరు పెట్టి ప్రపంచమంతా తిప్పింది ఎంఐటీ పరిశోధన బృందమే. క్లాసుల్లో చాలామందికి అందులో సగం పాఠమే అందింది. స్టాక్ అంటే వృథా అన్నది గుర్తుండిపోయింది. స్టాక్ తగ్గించాలంటే ముందు సరఫరాదారుతో సంబంధం ఎంత గట్టిగా ఉండాలో, సమాచారం ఎంత త్వరగా అందాలో చెప్పే రెండో సగం గాలికి పోయింది. నేనూ ఆ సగం పాఠమే చదువుకుని ఉద్యోగంలో చేరాను.

కానీ అదే 1997లో వార్టన్ బిజినెస్ స్కూల్‌లో మార్షల్ ఫిషర్, అన్ని సరుకులకూ ఒకే రకం సప్లై చైన్ పనికిరాదని స్పష్టంగా రాశాడు. గిరాకీ స్థిరంగా ఉండే సరుకుకు పొదుపు ముఖ్యం, ఎటు పోతుందో తెలియని సరుకుకు వేగం, చేతిలో కొంత అదనం ముఖ్యం అన్నాడు. టయోటా కూడా గుడ్డిగా స్టాక్ తీసేయలేదు. 2011 జపాన్ భూకంపంలో రెనెసాస్ కంపెనీ వాళ్ళ నాకా చిప్ ఫ్యాక్టరీ దెబ్బతిన్న తర్వాత, 2 నుంచి 6 నెలలకు సరిపడా చిప్‌లు నిల్వ ఉంచమని సరఫరాదారులకు చెప్పింది. 2021 మొదట్లో మిగతా కార్ల కంపెనీలు లైన్లు ఆపుకుంటుంటే టయోటా నడవగలిగింది. ఆ సెప్టెంబరుకు తనూ ఉత్పత్తి ప్రణాళికను 40 శాతం తగ్గించుకుంది, అదీ నిజమే. నిల్వ కొన్ని నెలలు కాపాడుతుంది, కరువు అంతకంటే ఎక్కువకాలం సాగితే ఏ నిల్వా చాలదు.

"ఎవరి దేశంలో వాళ్ళు చేసుకుంటే చాలు" అన్నది వినడానికి బాగుంటుంది కాబట్టి అందరూ ఫార్వర్డ్ చేస్తున్నారు. అప్పట్లో అమెరికా పసిపిల్లల పాలపొడిని దాదాపు పూర్తిగా సొంతగడ్డ మీదే చేసుకునేది. 2022 ఫిబ్రవరిలో మిషిగన్ రాష్ట్రం స్టర్జిస్‌లో ఆ పాలపొడి చేసే అబాట్ కంపెనీ ఫ్యాక్టరీ ఒక్కటి ఆగింది. మే నెలకల్లా ఖాళీ అల్మారాల ముందు తల్లిదండ్రులు నిలబడ్డారు, పాలపొడి జర్మనీ నుంచి సైనిక విమానంలో తేవాల్సి వచ్చింది. పిల్లలకు పాలు దొరకని పరిస్థితి తెచ్చింది దూరం కాదు, అంతా కొద్ది చోట్లే పోగుపడటం.

1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో కారు విడిభాగాలు చేసే ఐసిన్ కంపెనీ ఫ్యాక్టరీ తగలబడింది. టయోటా బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు మొత్తం అక్కడినుంచే వచ్చేది. ఇదంతా ఒకే దేశంలో, టయోటాకు పక్కనే. అయినా టయోటా లైన్లు ఆగిపోయాయి. మళ్ళీ కొద్ది రోజుల్లోనే లేచి నిలబడ్డాయి. ఎలా అన్నదానిమీద నిషిగుచి, బోడే అనే ఇద్దరు పరిశోధకులు మరుసటి ఏడాది పేపర్ రాశారు. అరవైకి పైగా కంపెనీలు ఆ వాల్వులు చేయడానికి ముందుకొచ్చాయి. అంతవరకూ కారు విడిభాగం చేయని కుట్టుమిషన్ల కంపెనీ బ్రదర్ కూడా వాటిలో ఉంది. ఐసిన్ వాళ్ళ ప్రత్యేక యంత్రాలు ఎవరి దగ్గరా లేవు. ప్రతి కంపెనీ ఇంజనీర్లూ డ్రాయింగ్ ముందు పెట్టుకుని, తమ దగ్గరున్న యంత్రంతో ఆ వాల్వు ఎలా చేయాలో సొంతంగా కనిపెట్టుకున్నారు. దగ్గరగా ఉండటం సాయపడింది, కాదనను. కానీ డ్రాయింగ్ చదివి దారి వెతుక్కునే ఇంజనీర్లు ఆ కంపెనీల్లో లేకపోతే ఎంత పక్కనుండి ఏం లాభం?

ఎంఐటీలో డేవిడ్ సిమ్చీ-లెవీ ఫోర్డ్ కంపెనీతో చేసిన పనీ చెప్పాలి. ఎక్కడ ప్రమాదం జరుగుతుందో ఊహించడం ఆయన మానేశాడు. కారణం ఏదైనా కానీ, ఈ ఫ్యాక్టరీ ఆగితే కోలుకోవడానికి ఎన్ని వారాలు, అప్పటిదాకా మనం ఎన్ని వారాలు నెట్టుకురాగలం అని అడిగాడు. లెక్క తేలాక చూస్తే, భారీ నష్టం తెచ్చిపెట్టే సరఫరాదారుల్లో చాలామంది చవక భాగాలు ఇచ్చేవాళ్ళే. ఖరీదైన వాటిమీదే అందరి కన్ను ఉంటుంది కాబట్టి ఇవి ఎవరికీ పట్టలేదు. దండగ రీసెర్చ్ అంటే ఇదేనా?

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన మాటకు వస్తాను. "డిజైన్ అంటే ఫైలే కదా, ఎక్కడ చవకైతే అక్కడ."

ఈ మాట నమ్మినవాళ్ళ కింద నేను పనిచేశాను. ఒక ప్లాస్టిక్ కవర్ డ్రాయింగ్‌ను చవకగా చేస్తామన్న వేరే దేశం బృందానికి పంపాం. ఒక కొలతకు ఎంత తేడా వరకు పరవాలేదో డ్రాయింగ్‌లో ఉంది. ఎందుకు అంత తక్కువ తేడా పెట్టామో లేదు. అది పాత మోడల్‌లో నీళ్ళు లోపలికి దిగిన అనుభవంతో మా సీనియర్ ఒకాయన పెట్టిన కొలత. అవతలి బృందం మంచి ఉద్దేశంతోనే, అచ్చు తేలికగా తయారవుతుందని దాన్ని సడలించింది. మెయిల్‌లో అడిగారు కూడా. జవాబు ఇవ్వాల్సిన సీనియర్‌ను అప్పటికే ఖర్చు తగ్గింపులో పంపించేశారు. అచ్చు తయారైంది, కవర్లు వచ్చాయి, నీళ్ళు దిగాయి. ఫైలు చేరింది, దాని వెనకున్న కారణం చేరలేదు.

ఫైలు కూడా చేరదు ఒక్కోసారి. ఎయిర్‌బస్ ఏ380లో దాదాపు 530 కిలోమీటర్ల తీగలున్నాయి. జర్మనీలోని హాంబర్గ్ బృందం కాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్‌లో, ఫ్రాన్స్‌లోని తులూజ్ బృందం ఐదో వెర్షన్‌లో పనిచేశాయి. ఒకచోట చేసిన మార్పు రెండోచోటికి సరిగ్గా రాలేదు. విమానం బిగించేటప్పుడు చూస్తే తీగల పొడవు చాలలేదు. వందలమంది సిబ్బంది జర్మనీ నుంచి తులూజ్ వెళ్ళి చేత్తో సరిచేయాల్సి వచ్చింది. విమానాల డెలివరీ రెండేళ్ళ వరకు వెనక్కి పోయింది. ఇది ఒకే కంపెనీ, పక్కపక్క దేశాలు, చవక కోసం చేసిన పని కూడా కాదు. అయినా ఇలా జరిగింది. మెసేజ్ రాసినవారు దీనికి ఏం సమాధానం చెబుతారు?

బోయింగ్ 787 కథ ఇంకా దూరం పోయింది. భాగాలు చేయడమే కాదు, వాటి వివరమైన డిజైన్ కూడా భాగస్వాములకే అప్పగించారు. చివరికి భాగాలన్నీ వస్తే తాము బిగించుకోవడమే అనుకున్నారు. 2007 జూలై 8న అట్టహాసంగా విమానాన్ని బయటికి తెచ్చారు. ఇల్లు అలకగానే పండగ కాదు. చాలాచోట్ల తాత్కాలిక బిగింపులతో నిలబెట్టిన డొల్ల అది. 2009 డిసెంబరు 15 దాకా ఎగరలేదు. 2008లో అందాల్సిన మొదటి విమానం 2011 సెప్టెంబరులో అందింది. మధ్యలో విమానం వెనక భాగం చేసే వాట్ కంపెనీ సౌత్ కరోలినా ఫ్యాక్టరీని బోయింగే కొనుక్కోవాల్సి వచ్చింది. చవక అని బయటికి పంపిన పనిని డబ్బు పెట్టి వెనక్కి తెచ్చుకోవడం అంటే ఇదే.

గ్లోబల్ ఇంజనీరింగ్ నెట్‌వర్క్ మీద రీసెర్చ్ అంటే సరిగ్గా ఈ ప్రశ్నలే. కేంబ్రిడ్జ్‌లో మైక్ గ్రెగరీ, యోంగ్‌జియాంగ్ షి 1998లో ఫ్యాక్టరీలను విడివిడిగా కాదు, ఒక నెట్‌వర్క్‌గా చూడాలని రాశారు. తర్వాత యూఫెంగ్ జాంగ్‌తో కలిసి అదే ప్రశ్నను ఇంజనీరింగ్ పనికి వేశారు: ఏ పని ఎక్కడ ఉండాలి, ఎవరు ఎవరితో మాట్లాడాలి, ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి ఎలా చేరాలి? అంతకు చాలా ముందే, 1970లలో ఎంఐటీలో థామస్ అలెన్ ఇంజనీర్ల మధ్య మాటలు కొలిచాడు. ఒకే సంస్థలో కూడా బల్లల మధ్య దూరం 50 మీటర్లు అయ్యేసరికి మాటలు దాదాపు అడుగంటాయి. ఖండాలు దాటినా పరవాలేదని ఏ ధైర్యంతో చెబుతున్నారు?

దూరంగా చేయడం అసాధ్యమని నేనడం లేదు. నెదర్లాండ్స్ కంపెనీ ఏఎస్ఎంఎల్ చేసే చిప్ తయారీ యంత్రాలకు అద్దాలు జర్మనీలో ఒబెర్‌కోహెన్ నుంచి జైస్ కంపెనీ ఇస్తుంది, లేజర్ ట్రంఫ్ అనే ఇంకో కంపెనీ ఇస్తుంది, కాంతిని పుట్టించే భాగం శాన్ డియేగో నుంచి వస్తుంది. 2016లో జైస్ వాళ్ళ ఆ విభాగంలో 24.9 శాతం వాటాకు ఏఎస్ఎంఎల్ 100 కోట్ల యూరోలు పెట్టింది. దూరాన్ని దాటడానికి అంత ఖర్చు పెట్టి, ఏళ్ళ తరబడి ఒకరి పని ఒకరు నేర్చుకున్నారు. చవకైన చోటుకి ఫైలు పంపి కూర్చోలేదు.

మెసేజ్ రాసినవారు అడగని ఒక విషయం నేనే ఒప్పుకుంటాను. 787 మీద యూనివర్సిటీల నుంచి వచ్చిన మంచి విశ్లేషణ, ఉదాహరణకు 2009లో క్రిస్టఫర్ టాంగ్, జాషువా జిమ్మర్‌మన్ రాసింది, దెబ్బ తగిలిన తర్వాత వచ్చింది. ముందుగా హెచ్చరించింది ప్రొఫెసర్ కాదు. పనిని అతిగా బయటికి ఇస్తే లాభమూ దానితోపాటే బయటికి పోతుందని, భాగాలు కలిసేచోట పుట్టే తప్పుల ఖర్చు మాత్రం మనకే మిగులుతుందని 2001లో బోయింగ్ సొంత సింపోజియంలో పేపర్ చదివింది హార్ట్-స్మిత్ అనే బోయింగ్ ఇంజనీరే. ఆ తర్వాత మూడేళ్ళకు, 2004లో, కంపెనీ సరిగ్గా ఆ పద్ధతిలోనే 787 మొదలుపెట్టింది.