బంకు ఎలా ఉంటుందో ఊరికి ముందే చూపించాలి

మన పట్టణాల్లో కొత్త పెట్రోలు బంకు పెట్టాలంటే ఫైలు చాలా బల్లలు దాటాలి. పెట్రోలియం రూల్స్-2002 ప్రకారం జిల్లా యంత్రాంగం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. దానికోసం రెవెన్యూ, పోలీసు, అగ్నిమాపక శాఖలు, మున్సిపాలిటీ తమ నివేదికలు పంపుతాయి. రోడ్డు ఎవరిదైతే ఆ శాఖ దారి అనుమతి ఇవ్వాలి. ఆపైన పెట్రోలు, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, నాగ్‌పూర్‌ కేంద్రంగా పనిచేసే పెసో లైసెన్సు. ఇవన్నీ అవసరమే, వీటిలో ఏ ఒక్కటీ సడలించమని మేము అడగం. కానీ హెరిటేజ్ పరిధిలో ఉన్న కొద్ది చోట్లను పక్కన పెడితే, ఆ బంకు కట్టాక వీధి ఎలా కనిపిస్తుందో చూడాల్సిన అధికారి ఈ వరుసలో ఎక్కడా లేరు. పక్కింటి వాళ్లకు అది తెలిసేది కేనపీ, అంటే పంపుల మీది పెద్ద పైకప్పు లేచి, లైట్లు వెలిగిన రాత్రే.

బంకు మామూలు దుకాణం లాంటిది కాదు. రోడ్డు మూలన, అందరి కళ్లూ పడే చోట, పెద్ద ఖాళీ స్థలం మధ్యలో లేస్తుంది. రెండంతస్తుల ఇళ్లున్న వీధిలో దాని కేనపీయే అన్నిటికన్నా వెడల్పైన కట్టడం అవుతుంది. చుట్టూ కంపెనీ రంగు పట్టీ, ముందు ఎత్తైన సైన్‌ బోర్డు, మెరిసే ధరల పలక, పక్కనే ఇంజిన్‌ ఆయిల్‌ ఫ్లెక్సీలు. ఈ హంగులన్నీ కంపెనీ ప్రధాన కార్యాలయంలో ఖాయమై వస్తాయి. గోదావరి గట్టు మీదైనా, వరంగల్ కోటకు వెళ్లే దారిలోనైనా, నాలుగు వరుసల హైవే పక్కనైనా అదే నమూనా. ఊరిని బట్టి అది మారదు. మారమని ఊరు ఎప్పుడూ అడగలేదు కూడా.

2018 నవంబరులో మూడు ప్రభుత్వ రంగ చమురు సంస్థలు కలిసి దేశవ్యాప్తంగా 55 వేలకు పైగా చోట్ల కొత్త బంకులకు డీలర్లను ఆహ్వానించాయి. ఒక్కసారిగా అంత పెద్ద సంఖ్యలో బంకులు రావాలనుకున్నప్పుడు వాటి రూపం గురించి మాట్లాడకపోవడం పొరపాటు. అప్పుడు జరగని చర్చ ఇప్పుడైనా జరగాలని మా కోరిక.

అందం గురించి అడిగే హక్కు మున్సిపాలిటీకి ఉందా అని కొందరు సందేహిస్తారు. 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూలు చూడండి. పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 పనుల జాబితాలో 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల పెంపు. రోడ్లు, నీళ్లు, చెత్త సరసనే సౌందర్యాన్నీ రాశారు. ఆ వాక్యాన్ని మన కౌన్సిళ్లు పార్కుల్లో విగ్రహాలకూ, కూడళ్లలో ఫౌంటెన్లకూ వాడుకున్నాయి. నిత్యం కళ్ల ముందుండే వాణిజ్య కట్టడాల వరకు తీసుకురాలేదు.

అమెరికాలో ఈ పని చాలాకాలంగా నడుస్తోంది. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా 1925 భూకంపంలో కూలిపోయాక, కొత్తగా లేచే భవనాల రూపం చూడటానికి ఒక సమీక్షా బోర్డు పెట్టుకుంది. న్యూ మెక్సికోలోని శాంటా ఫే 1957లో చారిత్రక ప్రాంతంలో కట్టే కట్టడాల శైలిపై ఆర్డినెన్సు తెచ్చింది. వెర్మాంట్ రాష్ట్రం 1968లోనే రోడ్డు పక్క హోర్డింగులు వద్దనుకుంది. ఊరు ఆరోగ్యంగా ఉండటంతో పాటు అందంగానూ ఉండాలని చట్టసభ నిర్ణయించుకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1954లో బెర్మన్ వర్సెస్ పార్కర్ కేసులో చెప్పింది. ఇప్పుడు అక్కడ ఎన్నో చిన్న పట్టణాల్లో కొత్త గ్యాస్‌ స్టేషన్‌ ప్రతిపాదన వస్తే కేనపీ రంగు, బోర్డు ఎత్తు, లైటు ఎటు పడుతుంది, ముందు ఏ మొక్కలు నాటుతారు అన్నవి బహిరంగ సమావేశంలో చర్చకు వస్తాయి. అక్కడ వ్యాపారాలు నడుపుతున్న మన తెలుగువాళ్లలో కొందరికి ఆ సమావేశాల్లో కూర్చున్న అనుభవం ఉండే ఉంటుంది.

ఆ దేశంలో వచ్చిన చిక్కు నుంచి కూడా మనం నేర్చుకోవాలి. రిజిస్టరైన ట్రేడ్‌మార్కును మార్చమని రాష్ట్రాలు, వాటి స్థానిక సంస్థలు ఒత్తిడి చేయకూడదని అక్కడి ట్రేడ్‌మార్క్ చట్టంలో ఒక నిబంధన ఉంది. బోర్డు రంగు షాపింగ్‌ సెంటర్‌లోని మిగతా బోర్డులకు సరిపోవాలన్నప్పుడు ఆ నిబంధన అడ్డొస్తుందా అని గొడవ మొదలైంది. 1998లో అరిజోనా రాష్ట్రంలోని టెంపీ నగరం కేసులో ఒక అప్పీలు కోర్టు, నమోదైన గుర్తు రంగు మార్చమనడం కుదరదంది. మరుసటి ఏడే న్యూయార్క్‌ రాష్ట్రంలోని హెన్రియెటా పట్టణం కేసులో ఇంకో అప్పీలు కోర్టు పట్టణం వైపు నిలిచింది. మన దగ్గర ఇలాంటి తగాదా తెచ్చుకోవాల్సిన పనిలేదు. లోగో కంపెనీది, దాని జోలికి పోవద్దు. అది ఎంత పెద్దగా, ఎంత ఎత్తున, ఎంత వెలుగుతో ఉండాలన్నది మాత్రం ఊరు చెప్పాలి.

అన్నిటికన్నా ముందు పట్టించుకోవాల్సింది వెలుగే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరి మార్గదర్శకాల ప్రకారం కొత్త బంకు బడులకు, పది పడకలు, అంతకు మించిన ఆసుపత్రులకు, నివాస ప్రాంతాలకు 50 మీటర్ల దూరంలో ఉండాలి. కుదరని చోట అదనపు భద్రత ఏర్పాట్లు చేసినా ఆ దూరం 30 మీటర్లకు తగ్గకూడదు. పెట్రోలు ఆవిరి, ప్రమాదం దృష్టిలో పెట్టుకుని పెట్టిన దూరం ఇది. కేనపీ కింద తెల్లగా మండే ఎల్‌ఈడీల వెలుగు 50 మీటర్ల దగ్గర ఆగదు. కిటికీలో నుంచి నేరుగా మంచం మీద పడుతుంది. ముసలివాళ్లు, పసిపిల్లలున్న ఇంట్లో ఏడాది పొడవునా కిటికీ మూసుకుని పడుకోమనడం న్యాయమా? దీపాన్ని కేనపీలోకి లోపలికి బిగించి, వెలుగు కిందికి మాత్రమే పడేలా చేయొచ్చు. వెచ్చటి రంగు, అంటే 3000 కెల్విన్‌ లోపు దీపాలు వాడొచ్చు. వీధి దీపాలకు 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సూచించింది కూడా అంతే. పెట్రోలు పోసే పనికి ఇందువల్ల ఇబ్బందేమీ ఉండదు.

ఇక బోర్డు. తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో జీహెచ్‌ఎంసీ పరిధిలో నేల నుంచి 15 అడుగులు దాటిన ప్రకటన బోర్డులను నిషేధించింది. భద్రత పేరుతో తెచ్చిన ఆ ఉత్తర్వు నగరం రూపానికీ మేలే చేసింది. పట్టణం లోపలి బంకు బోర్డుకూ అదే కొలత పెట్టొచ్చు. హైవే మీద వేగంగా వచ్చే డ్రైవరుకు దూరం నుంచే బోర్డు కనబడాలన్న వాదన నిజమే. అందుకే హైవే బంకులకు వేరే కొలత ఉండాలి. నెమ్మదిగా కదిలే బజారులో అంత ఎత్తు ఎవరికోసం? బోర్డు మీద తెలుగు పెద్దగా, ముందు ఉండాలి. అది అడగడానికి సిగ్గుపడాల్సింది లేదు.

రూపం చూసే అధికారం ఇస్తే ఆఫీసుల్లో చేతులు తడపాల్సిన చోటు ఇంకొకటి పెరుగుతుందని డీలర్లు భయపడతారు. ఆ భయం మాకూ ఉంది. అప్పు చేసి, స్థలం లీజుకు తీసుకుని, ఏళ్ల తరబడి అనుమతుల కోసం తిరిగేవాళ్ల మీద ఇంకో భారం వేయాలని మేము కోరడం లేదు. అధికారికి నచ్చింది, నచ్చలేదు అనే మాటకే తావివ్వకూడదు. బోర్డు ఎన్ని అడుగులు, లైటు ఏ రకం, రోడ్డుకూ బంకుకూ మధ్య పచ్చటి పట్టీ ఎంత వెడల్పు, ఫ్లెక్సీలు ఎన్ని అన్నవి అంకెల్లో రాసి పెట్టాలి. అంకెలకు సరిపోతే అనుమతి గడువులోగా దానంతటదే రావాలి. ఆ ఖర్చు కూడా డీలరు నెత్తిన పడకూడదు. నమూనా కంపెనీది కాబట్టి మార్పుల బాధ్యతా కంపెనీదే.

మరి ఊరి మాట ఎక్కడ వినాలి? తెలంగాణ మున్సిపాలిటీల చట్టం-2019 ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయంలో ప్లానింగ్‌ కార్యదర్శి ఉన్నారు. దరఖాస్తుతో పాటు బంకు పగలు ఎలా ఉంటుంది, రాత్రి ఎలా ఉంటుంది అని రెండు బొమ్మలు ఇప్పించి, వార్డు ఆఫీసు గోడ మీద పదిహేను రోజులు అంటిస్తే చాలు. అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకుని, వాటికి రాతపూర్వకంగానే జవాబు ఇవ్వాలి.

రక్షిత కట్టడాల చుట్టూ ఈ అవసరం ఇంకా ఎక్కువ. కేంద్ర చట్టం అక్కడ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాన్ని నిషేధిస్తుంది, ఆ తర్వాత మరో 200 మీటర్ల వరకు నియంత్రిస్తుంది. 301వ మీటరు నుంచి ఆ చట్టం పట్టించుకోదు. యునెస్కో 2021లో గుర్తించిన రామప్ప గుడిని చూడటానికి పాలంపేట వెళ్లేవాళ్లకు దారి పొడవునా ఏం కనబడాలన్నది ములుగు జిల్లా యంత్రాంగం ఇప్పుడే నిర్ణయించుకోవచ్చు. లేపాక్షికి శ్రీసత్యసాయి జిల్లా యంత్రాంగం ఆ పని చేయొచ్చు. కొత్త నిబంధనల కోసం ఆగకుండా, నిరభ్యంతర పత్రం ఇచ్చేటప్పుడే బోర్డు ఎత్తు, లైట్ల షరతులు అందులో రాయమని ఈ రెండు జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాం.