భయపెడితేనే పని జరుగుతుందా?

“మేనేజరంటే భయం ఉండాలి. తప్పు చేసినవాణ్ణి అందరి ముందూ నిలదీయాలి. మెచ్చుకుంటే నెత్తికెక్కుతారు. వెనకబడ్డ పది శాతం మందిని ఏటా ఇంటికి పంపాలి.” వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ నాలుగు సూత్రాలు ఈ నెలలోనే నాకు మూడుసార్లు వచ్చాయి. పన్నెండేళ్లు మందుల గోదాము నడిపినవాణ్ణి కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

మొదటిది. భయం ఉంటే చేతులు కదులుతాయి, కాదనను. కానీ నోళ్లు మూతపడతాయి. టొయోటా కార్ల కర్మాగారాల్లో లోపం కంటబడితే కార్మికుడు లైను పక్కనుండే హెచ్చరిక తాడు లాగుతాడు. పర్యవేక్షకుడు పరుగెత్తుకొస్తాడు. అప్పటికప్పుడు సరికాకపోతే తయారీ లైను ఆగుతుంది. లాగినందుకు తిట్లు పడితే మర్నాడు ఎవరు లాగుతారు?

రెండోది నేను స్వయంగా చేసిన నేరం. ఒక కుర్రాడు ఆర్డరులో ఒక బ్యాచ్‌కు బదులు మరొకటి పెట్టాడు. అందరినీ పిలిచి, ఇన్వాయిస్ అతని చేతికిచ్చి, బ్యాచ్ నంబరు బిగ్గరగా చదివించాను. తర్వాత ఆరు నెలలు అతని దగ్గర ఒక్క తప్పూ కనబడలేదు. నా మందు పనిచేసిందని మురిసిపోయాను. మార్చి నెలాఖరు స్టాకు లెక్కలో, చివరి ర్యాకు వెనక గడువు తీరిన దగ్గు సిరప్ పెట్టెలు పదకొండు బయటపడ్డాయి. దుకాణాల నుంచి తిరిగొచ్చిన సరుకును నాకు చెప్పడానికి జంకి అక్కడ పేర్చాడు.

అప్పుడు విడిగా కూర్చోబెట్టి, మొదటి పొరపాటు ఎలా జరిగిందో అడిగాను. రెండు బ్యాచ్‌లూ ఒకే అరలో ఉండేవట. అరలు వేరుచేయడానికి అరగంట పట్టింది. హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లు లెక్కించినప్పుడు, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే అవి ఎక్కువ నమోదై కనిపించాయి. అక్కడివాళ్లు దాచకుండా చెబుతున్నారని ఆమె తేల్చింది. నా గోదాములో తప్పులు ‘తగ్గడానికి’ కారణమేమిటో అది చదివాక అర్థమైంది.

మెచ్చుకోలు సంగతి. ఊరికే “శభాష్” అంటే ఎవరికీ ఒరిగేదేమీ లేదు. “గడువు దగ్గరపడ్డ డబ్బాలు ముందు వరుసలోకి తెచ్చావు, బాగుంది” అంటే అదే పని మళ్లీ చేస్తారు. నెత్తికెక్కినవారిని నేను చూడలేదు.

ఇక పది శాతం. అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్‌కు అధిపతిగా ఉన్నప్పుడు జాక్ వెల్చ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. ఇలా ఉద్యోగులను వరుసపెట్టి బేరీజు వేసే విధానాన్ని మైక్రోసాఫ్ట్ 2013లో వదిలేసింది. పదిమందిలో ఒకరు తప్పక పోవాలంటే, కొత్తగా వచ్చినవాడికి పని నేర్పేంత పిచ్చివాడు ఎవడు? సరుకు బయట అమ్ముకున్న ఒకణ్ణి నేనూ తీసేశాను, తెలిసిన రోజే. దానికి శాతాల లెక్క అవసరం పడలేదు.