హాస్టల్ పిల్లలకు ఓటు రాదని ఎవరు చెప్పారు?

మూడు రోజుల్లో అదే మెసేజ్ ఐదు గ్రూపుల్లో వచ్చింది. అనంతపురంలో నాతో డిగ్రీ చదివినవాళ్లే ఇద్దరు పంపారు. చదువుకునే పిల్లలకు రాజకీయాలు వద్దట, పద్దెనిమిదేళ్లకు ఏమీ తెలియదట, హాస్టల్లో ఉంటే అక్కడ ఓటు రాదట, ధర్నాలో కనిపిస్తే సర్కారు ఉద్యోగం పోతుందట. రాజకీయాల్లో తిరిగిన విద్యార్థి ఎవడూ బాగుపడలేదట.

వయసు సంగతి ఎప్పుడో తేలిపోయింది. రాజ్యాంగ 61వ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. 21కి సర్పంచ్‌గా నిలబడొచ్చు. ఊరిని నడపగలవాడు హాస్టల్ మెస్సు గురించి నోరెత్తకూడదా?

బాగుపడలేదనే మాట ఈ ఊరివాళ్లు ఎలా పంపారో! మన ఆర్ట్స్ కాలేజీలో చదివిన నీలం సంజీవరెడ్డి స్వాతంత్య్రోద్యమంలోకి వెళ్లి, 1977లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన చదువు మధ్యలోనే ఆపేశారు. నేను మాత్రం ఎవరినీ చదువు మానమనను.

నాకు కడుపు మండింది ఓటు దగ్గర. అది పచ్చి అబద్ధం. హాస్టల్లో ఉండి చదివే విద్యార్థి సొంతూళ్లోనైనా, హాస్టల్ ఉన్న చోటైనా ఓటరుగా చేరొచ్చు. రెండు చోట్లా ఉండకూడదు, అంతే. కొత్త ఓటుకు ఫారం-6, ఊళ్లో ఉన్నది ఇక్కడికి మార్చుకోవడానికి ఫారం-8. హాస్టల్లో ఉంటున్నట్టు కాలేజీ నుంచి కాగితం తెచ్చుకోవాలి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీల్లో దేనికి 18 నిండినా చాలు. 17 దాటితే ముందే దరఖాస్తు పెట్టొచ్చు. ఇక్కడి శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ)లో చదివే ఆదోని పిల్లవాడు, మడకశిర పిల్ల పోలింగ్ రోజు బస్సు ఛార్జీలకు వెనకాడి రూములోనే ఉండిపోతారు. గ్రూప్-2 కోసం ఓటు హక్కు గురించి చెప్పే 326వ అధికరణం బట్టీ పట్టినవాడే జాబితాలో తన పేరుందో లేదో చూసుకోడు. అలాంటివాడికి నీకు ఓటు లేదని పంపుతారా? పంపే ముందు ఓటరు జాబితా చూసే బూత్ స్థాయి అధికారిని (బీఎల్‌ఓ) ఒక్కరినైనా అడిగారా?

ఇక ఉద్యోగం. పార్టీల్లో ఉండకూడదనే నియమాలు ఉద్యోగంలో చేరినవాళ్లకు, విద్యార్థులకు కాదు. కానీ ఈ భయంలో నిజం కొంత ఉంది, ఒప్పుకుంటాను. కేసు నమోదైతే వెరిఫికేషన్‌లో అడిగినప్పుడు రాయాల్సిందే, దాస్తే ఇంకా చేటు. పాస్‌పోర్టుకూ ఇబ్బందే. పిల్లల్ని ముందు నిలబెట్టి, కేసులు పడ్డాక ఫోనెత్తని నాయకుల మీద నాకూ కోపముంది.

అందుకే కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు కావాలంటున్నా. మన రాష్ట్రంలో అవి 1980ల చివర్లో ఆగిపోయాయి. ఈ ఎన్నికలు ఎలా జరపాలో చెప్పిన లింగ్డో కమిటీ సిఫార్సులు అమలు చేయాలని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, హాజరు 75 శాతం ఉండాలి, క్రిమినల్ రికార్డు ఉండకూడదు. అలా గెలిచిన పిల్లలుంటే ఫీజుల గొడవ రోడ్డు మీద పోలీసుల ముందు కాకుండా వీసీ గదిలో మాట్లాడుకోవచ్చు.

ఆ మెసేజ్ పంపిన ఇద్దరినీ అడుగుతున్నా, దయచేసి దాన్ని తీసేయండి. మీ పిల్లలు ఏ హాస్టల్లో ఉన్నారో చెప్పండి, ఫారం నేనే దగ్గరుండి నింపిస్తాను.