సొలొమోను రాజుగారి భోజనపు బల్లకు

మహారాజశ్రీ భోజనపు బల్లగారి సమక్షమునకు, ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 4వ అధ్యాయం చదివాక కుశలమంతా మీ వైపే ఉందని తేలింది.

మీ రోజువారీ పద్దు అందులోనే ఉంది. సన్నపిండి 30 కోరులు, ముతకపిండి 60 కోరులు, కొవ్విన ఎడ్లు 10, బీట్లో మేసేవి 20, గొర్రెలు 100. దుప్పులు, జింకలు, బాతులకు అంకె వేయలేదు, నంజుకోవడానికని కాబోలు. కోరును 220 లీటర్లుగా కడితే పిండే దాదాపు 20 వేల లీటర్లు. ఇది పండగ పద్దు కాదండీ, మామూలు రోజుది. రాజుగారొక్కరే తింటారా అంటారేమో. నిజమే, 700 మంది రాణులు, 300 మంది ఉపపత్నులు, ఆపైన కొలువంతా ఉంది.

సరఫరా ఏర్పాటు మాత్రం చూడముచ్చటగా ఉంది. దేశానికి 12 మంది అధికారులు, ఒక్కొక్కరికి ఏడాదిలో ఒక నెల వంతు. పదకొండు నెలలు సెలవే కదా! కానీ గుణించి చూడండి. వంతొచ్చిన జిల్లా 30 రోజుల్లో 900 ఎడ్లు, 3,000 గొర్రెలు తోలాలి. ఎద్దంటే మీకు మాంసం, ఊరికి నాగలి. గుర్రాలకు యవలు, గడ్డి వేరే. పంట మైదానమున్న మెగిద్దో వైపుకీ, కొండనేల ఎఫ్రాయిముకీ ఒకటే వంతు. (యూదుల పంచాంగంలోనూ అధికమాసం ఉంది. ఆ పదమూడో నెల ఎవరి నెత్తిన పడేదో!) అధికారుల్లో ఇద్దరు రాజుగారి అల్లుళ్లు: దోరులో టాపాతు మొగుడు, నఫ్తాలిలో బాశెమతు మొగుడు. "మామగారూ, మా వైపు వానల్లేవు" అని అల్లుడు నోరు తెరుస్తాడా? ఇక రాజుగారి సొంత గోత్రం యూదా పేరు ఈ పన్నెండు జిల్లాల్లో స్పష్టంగా కనబడదు. పొరపాటున జారిపోయిందనుకుందాం.

పిండి ఇచ్చిన ఇళ్లే మనుషుల్నీ ఇచ్చాయి. వెట్టికి 30,000 మంది, నెలకు పదివేల చొప్పున లెబానోనుకు. అంటే మనిషికి ఏడాదిలో నాలుగు నెలలు. రాజు వస్తే మీ ఆడపిల్లల్ని వంటకీ రొట్టెలు కాల్చడానికీ తీసుకుపోతాడని సమూయేలు ప్రవక్త ముందే చెప్పాడు. చెవినెవరు పెట్టారు?

మీ పక్కనే ఒకాయన కూర్చుని, పగ ఉన్న ఇంట కొవ్విన ఎద్దు కంటే ప్రేమ ఉన్నచోట ఆకుకూర మేలన్నాడు. సామెతలు 15:17. ఆ సామెత ఎవరి పేరున ఉందో మీకు తెలుసు. ఆ రోజు కూడా పది ఎడ్లూ వచ్చే ఉంటాయి.

షేబ రాణి మీ వంటకాలు, వడ్డన వరసలు చూసి నివ్వెరపోయింది. తోలుకొచ్చిన మందల వెనక ఖాళీ అయిన దొడ్లు చూసినట్టు ఎక్కడా లేదు. మన ప్రసంగాల్లోనూ అంతే. "తినుచు త్రాగుచు" జనం సంతోషంగా ఉన్నారన్న ఆ 4వ అధ్యాయం 20వ వచనం దగ్గర హల్లెలూయా, మీ పద్దు మొదలయ్యే 22వ వచనానికి ముగింపు ప్రార్థన.

రాజుగారు పోయాక షెకెములో జనం అడిగింది ఒక్కటే, కాడి బరువు కాస్త తగ్గించమని. పెద్దలు సరేననమన్నారు. రాజుగారి కొడుకు రెహబాము మాత్రం తనతో కలిసి పెరిగిన కుర్రాళ్ల మాట విన్నాడు. అప్పటికి ఆయనకు 41 ఏళ్లు, కుర్రాళ్ల వయసు మీరే లెక్కేసుకోండి. మీ అంచుకు మోచేతులాన్చి పెరిగినవాళ్లకు కాడి బరువేం తెలుస్తుంది? "నా చిటికెనవేలు నా తండ్రి నడుముకంటె పెద్దది" అనమన్నారు. పది గోత్రాలు విడిపోయాయి. సర్దిచెప్పమని పంపింది ఎవరినో తెలుసా? వెట్టిపనుల మీది అధికారినే! రాళ్లతో కొట్టి చంపారు.

రెహబాము ఏలుబడి ఐదో ఏట ఐగుప్తు రాజు షీషకు వచ్చి రాజనగరు ఊడ్చుకుపోయాడు. పోయిన బంగారు డాళ్ల బదులు రెహబాము ఇత్తడివి చేయించాడు. వెండికి విలువే లేని రోజుల్లో మీ మీద లోటాలన్నీ బంగారానివే కదా. ఆ రాత్రి మంచినీళ్లు దేంట్లో పోశారండీ?