తార్నాకలో చైనా చొరబాటు

సరిహద్దు పరిస్థితి మీద రోజూ రాత్రి టీవీల్లో చర్చించే రిటైర్డ్ సైనికాధికారులకు ఒక సమాచారం. మీరు మ్యాపు మీద కర్ర పెట్టి చూపిస్తున్న చోటే కాదు, చైనా ఇంకో చోట కూడా ముందుకొచ్చింది. తార్నాకలో, మా తమ్ముడి ఫ్లాట్లో, రెండో బెడ్రూములో, ఆర్గానిక్ కెమిస్ట్రీ మెటీరియల్ కింద మకాం వేసింది. మొదట చూసింది నేనే. అందుకు నాకు ఏ పతకమూ అక్కర్లేదు.

మా తమ్ముడి కూతురు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ముందు జేఈఈ మెయిన్, తర్వాత ఎంసెట్. దానికి 2024లో ఎప్‌సెట్ అని పేరు మార్చారు గానీ, మా వంశంలో ఎవరూ ఆ మార్పును ఇంకా ఆమోదించలేదు. పిల్ల బుద్ధిమంతురాలు. పొద్దున ఏడింటికి కాలేజీ బస్సెక్కితే రాత్రి ఏడున్నరకు దిగుతుంది. సినిమాకు తీసుకెళ్లమనదు. కొత్త బట్టలు అడగదు. నిజానికి అనుమానం రావాల్సింది అక్కడే.

ఆ ఆదివారం భోజనం చేసి, చేతులు ఊరుకోక, పిల్ల టేబుల్ సర్దుదామని మెటీరియల్ ఎత్తాను. కింద ఒక పాత పుస్తకం. నిండా అడ్డగీతలు, నిలువుగీతలు, పెంకుటిళ్ల కప్పులు. జామెట్రీ అనుకుని ముందు సంతోషించాను.

"ఇదేంటమ్మా?"

"చైనీస్ వాచకం పెద్దనాన్నా. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అరవై రూపాయలకు దొరికింది."

"సిలబస్‌లో ఉందా?"

"లేదు."

"వెయిటేజీ?"

"లేదు."

"మరెందుకు?"

పిల్ల కాసేపు ఆలోచించింది. "బాగుంది," అంది.

నేను ముప్పై నాలుగేళ్లు అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. నా సర్వీసు మొత్తంలో 'బాగుంది' అనే పద్దు కింద ఒక్క రూపాయి కూడా పాస్ చేయలేదు.

నేను భాషలకు వ్యతిరేకినని ఎవరూ అపార్థం చేసుకోవద్దు. మా అబ్బాయికి ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. నూటికి 99 వచ్చాయి. ఆ మార్కుల మెమో ఇప్పటికీ మా బీరువాలో, ఇంటి దస్తావేజుల పక్కన ఉంటుంది. వాడిని ఇవాళ అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా "రామః, రామౌ, రామాః" అని గడగడా చెబుతాడు. రాముడి తర్వాత ఎవరొస్తారో మాత్రం వాడికి తెలియదు. అది తప్పు కాదు. సంస్కృతం ఉన్నది మార్కులు ఇవ్వడానికి. ఇచ్చింది, వెళ్లిపోయింది. భాష అంటే అంత మర్యాదగా ఉండాలి.

ఈ మాట అంటే పిల్ల నాకు హ్యూయన్‌త్సాంగ్‌ను అడ్డం పెట్టింది. ఏడో శతాబ్దంలో చైనా నుంచి బయల్దేరి, ఎడారులూ మంచుకొండలూ దాటి, నలందలో చదువుకుని, మన ధాన్యకటకం దాకా వచ్చాడట. తిరిగి వెళ్లేటప్పుడు 657 గ్రంథాలు మోసుకెళ్లాడట. ఆయన నేర్చుకున్నదీ సంస్కృతమే కదా పెద్దనాన్నా, అంది. నిజమే. కానీ ఆయన దాన్ని సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకోలేదు, అందుకే వచ్చింది. పైగా పదహారేళ్లు తిరిగాడు. అంత లాంగ్ టర్మ్ మా తమ్ముడు భరించలేడు.

చైనాకూ నేను వ్యతిరేకిని కాను. మా హాల్లో షోకేసు మీద నవ్వే బుద్ధుడున్నాడు. గుమ్మం దగ్గర నోట్లో నాణెం కరుచుకున్న మూడు కాళ్ల కప్ప ఉంది. ఫెంగ్ షుయ్ ప్రకారం దాని మొహం ఇంటి లోపలికి ఉండాలి, బయటికి ఉంటే డబ్బు పోతుందట. నా ఫోను చైనాది, దాని చార్జరు చైనాది. శనివారం సాయంత్రం వీధి చివర బండి దగ్గర మంచూరియా తింటాను. నా అభ్యంతరం ఒకటే. చైనా వస్తువు ఇంట్లోకి రావచ్చు, దానికెలాగూ వారంటీ ఉండదు కాబట్టి నాలుగు రోజులకు దానంతటదే పోతుంది. భాష అలా పోయే రకం కాదు.

అత్యవసరంగా కుటుంబ సమావేశం పెట్టాం. మా తమ్ముడు, మరదలు, మా ఆవిడ, నేను. డైనింగ్ టేబుల్‌కు అటువైపు పిల్ల. మధ్యలో పెరుగు గిన్నె వాస్తవాధీన రేఖ.

ముందుగా భాష తాలూకు ప్రమాదాలు పరిశీలించాం. 'మా' అని ఒక్క అక్షరం ఉందట. సమంగా, ఎత్తుగా పలికితే అమ్మ. కింది నుంచి పైకి లేపితే జనపనార. ముంచి లేపితే గుర్రం. పైనుంచి దభీమని దించితే తిట్టడం. అమ్మను పిలవబోయి గుర్రాన్ని పిలిచే భాషలో వాళ్లు వంతెనలు ఎలా కడుతున్నారో నాకు అర్థం కాలేదు.

"మనకూ ఉంది కదా," అంది పిల్ల. "పెద్దమ్మ ఫోన్ మాట్లాడేటప్పుడు వినండి."

ఈ విషయంలో మాత్రం పిల్ల చెప్పింది నిజం. మా ఆవిడ వాళ్ల చెల్లెలితో నలభై నిమిషాలు మాట్లాడుతుంది. ఆ నలభై నిమిషాల్లో ఈవిడ వాడే మాట ఒక్కటే: ఆ. వింటున్నాను చెప్పు, అనడానికి తిన్నగా ఒక 'ఆ'. కొత్త కబురు వినపడితే పైకి లేచే 'ఆఁ?' ఎవరైనా అప్పు అడిగారని తెలిస్తే బావిలోకి దిగి నీళ్లు తాగి పైకొచ్చే 'ఆఁ... ఆఁ'. ఇక చాల్లే, ఆయన వింటున్నాడు, అనడానికి పైనుంచి పడే 'ఆ!' ముప్పై ఐదేళ్లుగా నేను ఒక చైనా మనిషితో కాపురం చేస్తున్నానని ఆ రోజే తెలిసింది.

రెండో ప్రమాదం నన్నే తాకింది. ఇంగ్లీషువాడు నన్నూ, పాలుపోసే ఆయన్నూ, వాచ్‌మన్‌నూ కలిపి ఒకే 'అంకుల్'లో వేసేశాడు కదా, చైనావాళ్లు అలా చేయరట. పెదనాన్నకు వేరే మాట, బాబాయికి వేరే మాట, మేనమామకు వేరే మాట. అచ్చం మనలాగే. ఎదుటపడితే "తిన్నావా?" అని పలకరించుకోవడం కూడా ఉందట. నాకు గుండె కరిగింది. "అయితే పెద్దనాన్నను ఏమంటారమ్మా?" అని అడిగాను.

"పోపో," అంది.

సమావేశంలో కాసేపు నిశ్శబ్దం. మా తమ్ముడు పెరుగు గిన్నె వైపు చూస్తున్నాడు. పెద్దవాణ్ని పట్టుకుని పోపో ఏమిటి? ఇంగ్లీషు అక్షరాల్లో దాన్ని బీ పెట్టి రాస్తారట, కానీ వాళ్ల బీ మన 'ప'లాగే పలుకుతుందట, వాళ్ల పీ అయితే మన 'ఫ'లా ఒత్తి పలకాలట. పిల్ల చాలా శ్రద్ధగా, శాస్త్రీయంగా వివరించింది. మా ఆవిడ అంతకంటే శ్రద్ధగా ఆ మాటను నాలుగుసార్లు పలికి నేర్చుకుంది. ఆమె ఒక భాషను ఇంత త్వరగా నేర్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

అయినా ఒక దశలో నేను మెత్తబడిన మాట నిజం. చైనీస్‌కు హెచ్‌ఎస్‌కే అని ఒక పరీక్ష ఉందని పిల్ల చెప్పింది. పరీక్ష ఉందని వినగానే ఆ భాష మీద గౌరవం కలిగింది. పాత లెక్క ప్రకారం ఆరు లెవెల్స్. మొదటిదానికి 150 పదాలు, తర్వాత 300, 600, 1200. చూశారా, ప్రతిసారీ రెట్టింపు, ఎంత చక్కటి జీపీ (గుణశ్రేఢి)! తీరా ఐదో లెవెల్ 2500 అన్నారు. 2400 రావాలి. ఆ వంద ఎక్కడిదో ఆడిట్‌లో తేలాలి. 2021లో కొత్త ప్రమాణాలు పెట్టి తొమ్మిది లెవెల్స్ చేశారట, బహుశా అందుకే.

ఆ గౌరవంతోనే నేను చైనా విద్యావిధానాన్ని కొంత అధ్యయనం చేశాను. అక్కడ కాలేజీలో చేరడానికి గావ్‌కావ్ అని ఏటా జూన్‌లో పరీక్ష. 2024లో దానికి పేరిచ్చినవాళ్లు 1 కోటి 34 లక్షల మంది. పరీక్ష రోజుల్లో కేంద్రాల చుట్టుపక్కల కట్టడాల పని ఆపేస్తారు, హారన్లు కొట్టనివ్వరు. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. మా అబ్బాయి ఎంసెట్ ముందు రోజు ఎదురింటాయన బోరు వేయించాడు.

కానీ ఆ పరీక్షలో ఘోరమైన లోపం ఒకటుంది. చైనీస్ పేపర్లో, అప్పటికప్పుడు ఒక విషయం ఇచ్చి, 800 అక్షరాలకు తగ్గకుండా సొంతంగా వ్యాసం రాయమంటారు. ఇంజినీరింగ్ చదవబోయేవాడికీ తప్పదు. సొంతంగా! ముందు బట్టీ పట్టే వీలు లేకుండా! మన ఎంసెట్ చూడండి. 160 ప్రశ్నలు, మూడు గంటలు, ఒక్కోదానికి అరవై ఏడున్నర సెకన్లు. ఒక్క వాక్యం రాయనక్కర్లేదు. పెన్ను రఫ్ పేపరు మీద లెక్కకే, జవాబు మౌసుతో నొక్కడమే. పిల్లవాడికి ఏదైనా అభిప్రాయం ఉందా అని మనం అడగం. వాడి ఏకాంతాన్ని మనం అంతగా గౌరవిస్తాం.

చైనావాళ్లకు ఈ పరీక్షల జబ్బు ఇప్పటిది కాదు. రాజుల కాలంలో ఉద్యోగాల కోసం 1300 ఏళ్లు పరీక్షలు పెట్టారు, 1905లో గానీ ఆపలేదు. అభ్యర్థిని చిన్న గదిలో కూర్చోబెట్టి, రోజుల తరబడి బయటికి రానిచ్చేవాళ్లు కాదు. ఆ గదుల కొలతలు మన రెసిడెన్షియల్ కాలేజీలకు ఎవరు అందించారన్నది పరిశోధించదగ్గ విషయం. ఇక 19వ శతాబ్దంలో హోంగ్ షియుచ్వాన్ అని ఒకాయన ఆ పరీక్ష నాలుగుసార్లు తప్పాడు. మూడోసారి తప్పాక జబ్బుపడి, పడకలో ఏవేవో దర్శనాలు చూశాడు. చివరకు తాను ఏసుక్రీస్తు తమ్ముణ్నని ప్రకటించుకుని తైపింగ్ తిరుగుబాటు లేవదీశాడు. అది 1864 దాకా సాగింది, రెండు కోట్లమందికి పైగా చనిపోయారని అంచనా. అప్పట్లో అక్కడ మంచి లాంగ్ టర్మ్ బ్యాచ్ ఒకటి ఉండి, నాలుగోసారి గట్టెక్కించి ఉంటే ఆ దేశ చరిత్ర వేరుగా ఉండేది. ఈ చివరి ముక్క ఏ చరిత్రకారుడూ రాయలేదు, నా సొంతం.

ఇంతలో పిల్ల అసలు బాంబు పేల్చింది. ఎఫ్లూలో, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో చేరతానంది. మా తమ్ముడి ఫ్లాటు నుంచి నడిచి వెళ్లొచ్చు. అక్కడ చైనీస్ కూడా చెబుతారు. ఆ సంస్థ మొదట ఇంగ్లీషు కోసం 1958లో పెట్టారు, చైనావాళ్లు తమ మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిని ఆమోదించిందీ అదే 1958లో, అని కలిపి చెప్పింది. ఇలా జ్ఞాపకం పెట్టుకోగల బుర్రను కెమిస్ట్రీకి వాడకపోవడం జాతీయ నష్టం కాదా? పైగా నడిచి వెళ్లే కాలేజీ ఏమిటి? పెళ్లిళ్లలో ఎవరైనా "అమ్మాయి ఎక్కడ?" అని అడిగితే, "ఇక్కడే, సందు తిరిగితే," అని చెప్పుకోవాలా? హాస్టల్ ఫీజు లేని చదువును బంధువులు గుర్తించరు.

మా తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యా, పోనీ చైనీస్ తెలిసినవాళ్లకు ప్యాకేజీ ఎంత ఉంటుందో..." అన్నాడు. వాడు కూడా మారిపోతున్నాడని అర్థమైంది. నేను వెంటనే సమావేశాన్ని వాయిదా వేశాను.

ఇక నోట్‌బుక్ సంగతి. పిల్ల చైనీస్ చదవడంతో ఆగలేదు, రాస్తోంది కూడా. భౌతికశాస్త్రం రఫ్ నోట్సు వెనక పేజీల నుంచి మొదలుపెట్టి ముందుకు వస్తోంది. ఒకరి నోట్సు అడక్కుండా చదవడం తప్పేనని తెలుసు. కానీ దేశభద్రత వ్యవహారం. నా ఫోను కెమెరా తెరిచి, అనువాదం నొక్కి పేజీ మీద పట్టాను. చైనా రాతను చదవడానికి చైనా ఫోనునే ఆశ్రయించాల్సి రావడం దౌత్యపరంగా కొంచెం ఇబ్బందే.

స్క్రీన్ మీద వచ్చింది ఇదీ:

"బస్సులో నలభై మంది. నలభై మందీ నిద్రపోతున్నారు. డ్రైవర్ నిద్రపోవడం లేదు. మంచిది."

"అమ్మ మార్కులు అడిగింది. నేను అన్నం అడిగాను."

"నాన్న నిద్రపోయాడు. టీవీ నిద్రపోలేదు."

చివర్లో, తేదీ వేసి:

"ఈ రోజు పెద్దనాన్న వచ్చాడు. పెద్దనాన్న అన్నం తిన్నాడు. పెద్దనాన్న మాట్లాడాడు. వాన వచ్చింది. వాన ఆగింది. పెద్దనాన్న ఆగలేదు."

ఇదేం రాతండీ? ఉపోద్ఘాతం లేదు. ఒక సామెత లేదు. 'నేటి ఆధునిక సమాజంలో' అన్న ముక్క ఎక్కడా లేదు. వ్యాసానికి పది మార్కులుంటే సున్నా వేయాల్సిందే. పిల్లను పిలిచి, ఇంత బోడిగా ఎందుకు రాశావమ్మా అని నిలదీశాను.

"నాకొచ్చింది మూడొందల పదాలే పెద్దనాన్నా," అంది, నోట్‌బుక్ నా చేతిలోంచి మెల్లగా తీసుకుంటూ. "మర్యాదగా రాయాలంటే ఇంకో తొమ్మిది వందలు కావాలి. అవి నాలుగో లెవెల్లో వస్తాయి."

అప్పటికీ ఊరుకోక, ఇందులో నేనెక్కడున్నానో చూపించమన్నాను. చూపించింది. ఎడమవైపు నిలబడిన మనిషి బొమ్మ, కుడివైపు 'తెలుపు' అనే అక్షరం. తెలుపు ఉచ్చారణ కోసం పెట్టిందేనని, మరే అర్థమూ లేదని రెండుసార్లు చెప్పింది. నేను అప్రయత్నంగా జుట్టు సవరించుకున్నాను. 'వాన' మాత్రం, ఒప్పుకోవాలి, బాగా గీసింది. కిటికీలాంటి దాంట్లో నాలుగు చినుకులు.

ఈ వ్యవహారం ఇక్కడితో ముగిసేది. కానీ మా ఆవిడ ఆ చివరి రెండు వాక్యాలను పిల్లతో తెల్ల అట్ట మీద ఎర్ర ఇంకుతో, ఏడు పెద్ద పెద్ద అక్షరాలుగా రాయించుకొచ్చి మా ఫ్రిజ్ మీద అంటించింది. వచ్చినవాళ్లందరూ నవ్వే బుద్ధుణ్ని, కప్పను చూసి, అలాగే దీని ముందూ నిలబడి దండం పెట్టుకుంటున్నారు. ఇద్దరు ఫొటో తీసుకున్నారు. కింది ఫ్లాటావిడ అయితే తమకూ ఒకటి రాయించి పెట్టమని, దాన్ని ఏ దిక్కున కట్టాలో చెప్పమని అడిగింది.

"దిక్కుదేముందండీ," అంది మా ఆవిడ. "మీవారు కూర్చునే కుర్చీకి ఎదురుగా."